పాత ఫొటో – పూల రంగులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు నా చూపు గోడమీది ఫొటోమీద పడింది. 1978లో మాక్లూర్‌లో మా వాకిట్లో తీయించినది. పెరటి బంతిపూలు, చెలక గట్లమీది తంగేడు, గునుగులతో పేర్చిన బతుకమ్మ. పక్కన మా ఇంటావిడ. కలర్ ఫిలిం అప్పటికే ఉన్నా మాబోటి గుమాస్తాల జీతానికి అందేది కాదు. నలుపు తెలుపు ఫొటోలో పసుపుపచ్చని తంగేడు, తెల్లని గునుగు దాదాపు ఒకే తీరుగా తేలిపోయాయి.

ఇంకా పూర్వమైతే ఆ తంగేడు నల్లగా పడేది. 19వ శతాబ్దపు ప్లేట్లకు నీలం రంగే బాగా కనిపించేది. పసుపు, ఎరుపు అంతగా కనిపించేవి కావు. అందుచేత నీలిపూలు తెల్లగా, ఎర్రపూలు నల్లగా వచ్చేవి. 1873లో వోగెల్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ప్లేటు మందులో అద్దకపు రంగు కలిపితే ఈ లోపం కొంత తీరుతుందని కనుగొన్నాడు. అన్ని రంగులూ అందుకునే ప్లేట్లు 20వ శతాబ్దం మొదట్లో వచ్చాయి. అప్పుడు కూడా ఎర్ర మందారం, దాని ఆకు ఒకే బూడిదరంగులో కలిసిపోయేవి. తెలిసిన ఫొటోగ్రాఫరు కెమెరా కంటికి ఎర్ర అద్దం తగిలిస్తే పువ్వు తెల్లబడి ఆకు నల్లబడేది. ఆకుపచ్చ అద్దమైతే అటుదిటు అయ్యేది.

మన హైదరాబాదు సంస్థానంలో ఈ విద్యకు పేరు తెచ్చిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) మొదట మనలాగే సర్కారు నౌకరు. ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసి, తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు అయ్యాడు. ఆ కాలంలో మన దేశంలో ఫొటోలమీద కుంచెతో రంగులు వేయడం గొప్ప కళ. సూక్ష్మచిత్రాలు వేసే చిత్రకారులు ఎందరో ఆ పనిలోకి వచ్చారు. 1907లో ఫ్రాన్సులో ల్యూమియర్ సోదరులు రంగులద్దిన ఆలుగడ్డ పిండి రేణువులతో కలర్ ప్లేట్లు అమ్మకానికి తెచ్చారు. అయినా మన ఊళ్ళ స్టూడియోలలో కుంచె చాలాకాలం నిలిచింది.

మా ఫొటోను కూడా పట్టణంలో ఒక స్టూడియోవారికిచ్చి పెద్దది చేయించి రంగులు వేయించాను. ఏ పువ్వు ఏ రంగో వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. తంగేడు వరసలన్నీ గులాబీరంగు అయ్యాయి. మా ఆవిడ చూసి, "తంగేడు లేని బతుకమ్మ యాడనన్న ఉంటదా?" అన్నది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఫొటో మాత్రం అట్లాగే గోడకెక్కింది.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. మొన్న మనవరాలు అసలు నలుపు తెలుపు కాపీని సెల్‌ఫోనులో ఎక్కించి క్షణంలో రంగులు తెప్పించింది. ఈసారి అన్నీ బంతిపూలే! "తాతా, నువ్వు చెప్పు, నేను దిద్దుత" అన్నది. తంగేడు చెప్పాను. గునుగు దగ్గర ఆగిపోయాను. గునుగును మనం రంగునీళ్ళలో ముంచి పేరుస్తాం గదా. ఆ ఏడు ఆమె ఏ వరసకు ఏ రంగు అద్దిందో నాకు తెలియదు. నలభై ఏళ్ళు అడగలేదు. ఇప్పుడు చెప్పేవారు లేరు. గునుగు వరసలను బూడిదరంగులోనే ఉంచమన్నాను.

ఆఫీసులో మనం తప్పు దిద్దితే పాత అక్షరం కనబడేట్టు ఒక గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేసేవాళ్ళం. చెరిపితే మెమో వచ్చేది. ఫొటోకూ అదే పద్ధతి మంచిది. రంగులు ఎంత అందంగానైనా వేసుకోవచ్చు. అసలు కాపీ మాత్రం విడిగా ఉండాలి. ఏది తెలిసి వేశామో, ఏది ఊహించి వేశామో వెనుక వ్రాసి పెట్టాలి.

మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో పాత ఫొటోలుంటే ఈ సాయంత్రమే ఇంటావిడను పక్కన కూర్చోబెట్టుకొని ఆ చీర రంగు, ఆ పూల రంగు అడిగి పెన్సిలుతో వెనుక వ్రాయండి.