తాయిఫ్ సమాధి, ఒక చుట్టరికం లెక్క

తాయిఫ్ నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద మసీదు అబ్దుల్లా ఇబ్న్ అబ్బాస్ పేరు మీదే ఉంది. ఖురాన్ వ్యాఖ్యాతల్లో అగ్రగణ్యుడైన ఆయన 687 ప్రాంతంలో ఈ కొండ ఊళ్లోనే కన్నుమూశారు. సమాధి కూడా ఆ మసీదు పక్కనే. ముహమ్మద్ ప్రవక్తకు ఈయన ఏమవుతారంటే, బాబాయి కొడుకు. అయితే లెక్క అక్కడితో తెగదు.

ప్రవక్త తండ్రి అబ్దుల్లా, ఈయన తండ్రి అబ్బాస్ ఇద్దరూ అబ్దుల్ ముత్తలిబ్ కొడుకులే కానీ తల్లులు వేరు. ప్రవక్త అల్లుడైన అలీ తండ్రి అబూ తాలిబ్ మాత్రం ప్రవక్త తండ్రితో ఒకే కడుపున పుట్టినవాడు. సొంత అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. తల్లులు వేరైతే పదహారో వంతే. నెత్తుటి లెక్కన ఇబ్న్ అబ్బాస్‌ది అలీ బంధంలో సగం.

తల్లి వైపు నుంచి చూస్తే వరసే మారిపోతుంది. ఆయన తల్లి లుబాబా తోబుట్టువు మైమూనాను ప్రవక్త 629లో పెళ్లాడారు. మన వరసల్లో చెప్పాలంటే తండ్రి వైపు అన్న, తల్లి వైపు తండ్రి వరస! కుర్రాడైన ఇబ్న్ అబ్బాస్ ఒక రాత్రి మైమూనా ఇంట్లో పడుకుని ప్రవక్త నమాజు చూసిన సంగతి హదీసుల్లో ప్రసిద్ధం. ఆ గడప తొక్కనిచ్చింది అమ్మ వైపు చుట్టరికమే.

రాజ్యం దగ్గరికొచ్చేసరికి ఈ లెక్కలు కత్తులు దూయించాయి. 750లో అబ్బాస్ వంశస్థులు ఖలీఫాలయ్యారు. 762లో అలీ, ప్రవక్త కూతురు ఫాతిమాల వంశంలోని మరో ముహమ్మద్ మదీనాలో తిరుగుబాటు లేవదీశాడు. ఆయనకూ, ఇబ్న్ అబ్బాస్ మునిమనవడైన ఖలీఫా మన్సూర్‌కూ నడిచిన ఉత్తరాలను చరిత్రకారుడు తబరీ నమోదు చేశాడు. ప్రవక్త నాయనమ్మ కడుపు పంటా మేమే, కూతురి సంతానమూ మేమేనన్నది ముహమ్మద్ వాదం. బాబాయి తండ్రితో సమానం, ప్రవక్త కన్నుమూసే నాటికి ఆయన తండ్రి అన్నదమ్ముల్లో బతికున్నది అబ్బాస్ ఒక్కడే కాబట్టి వారసుడూ ఆయనేనని మన్సూర్ జవాబు. తాతలకు తల్లులు వేరన్న మాటను అలా పక్కకు నెట్టేశాడు. మన పల్లెల్లో దాయాదుల పంచాయతీలు కూర్చున్నవాళ్లకు ఈ ఎత్తు కొత్తేమీ కాదు.

ముహమ్మద్ ఆ ఏడాదే యుద్ధంలో హతుడయ్యాడు. బాబాయి సంతతి బాగ్దాద్ కట్టుకుని, 1258లో మంగోలులు వచ్చిపడేదాకా అక్కడ ఖలీఫాలుగా కొనసాగింది.