మనం కూర్చున్న జంఖానా కథ

పోయిన ఏడు ఒక ఊర్లో సంఘం మీటింగు జరగతా ఉండగా పాత సామాన్లకు ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చే ఆయన వచ్చినాడు. ఒక అవ్వ ఇంట్లోని పాత జంఖానాకు రెండు బక్కెట్లు ఇస్తానన్నాడు. కోడలు సరే అనింది. అవ్వ మాత్రం "దీని మీద కూర్చునే కదమ్మా మీరంతా మొదటి పొదుపు కట్టింది" అని గట్టిగా పట్టుకొనింది. నిజమే. అప్పుడు మాకు కుర్చీలు లేవు. భూమి ఉన్నామె, కూలికి పోయేటామె అందరమూ దాని మీదే పక్కపక్కన కూర్చుంటిమి. అది ఎక్కడిదో, ఎవరు నేసినారో అవ్వకూ తెలీదు, మాకూ తెలీదు. అందుకే ఈసారి జంఖానాల సంగతి అడిగి తెలుసుకొని రాస్తున్నాం.

తివాచీ వేరు, జంఖానా వేరు. ఏలూరు తివాచీకి పడుగు పోగుల మీద ముడులు వేసి పైన బొచ్చు వదులుతారు. జంఖానాకు బొచ్చు ఉండదు. పడుగు కనపడకుండా రంగు పేకను దట్టంగా కొట్టి నేస్తారు. ఒక పక్క మాసితే తిప్పి పరుచుకోవచ్చు. పేకను కొట్టే ఇనుప దువ్వెనను ఉత్తరాది మగ్గాల దగ్గర పంజా అంటారంట. పెద్దపంజాణి వాళ్లం కదా, అది విని బాగా నవ్వుకున్నాం.

అవ్వ జంఖానాలో చారల మధ్య మెట్లు మెట్లుగా ముగ్గు లాంటి బొమ్మ ఉంది. పూలు గుండ్రంగా ఎందుకు లేవని పిల్లలు అడిగినారు. కారణం నేతలోనే ఉంది. ఒక రంగు పేక తన హద్దు దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. పక్క రంగు అక్కడ మొదలవుతుంది. హద్దు నిలువుగా పైకి పోతే ఆ చోట చీలిక పడుతుంది. అందుకని రెండు రంగుల పోగులను కొక్కెం వేసినట్టు కలుపుతారు, లేదంటే వరస వరసకు హద్దును కొంచెం జరుపుతా మెట్లుగా ఎక్కిస్తారు. ఆ మెట్లే మనకు వజ్రం మాదిరి, గోపురం మాదిరి కనపడతాయి.

తెలుగువాళ్లలో ఈ నేతకు పేరు పడింది వరంగల్లు. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు అక్కడి తివాచీలు పోయినాయి. వరంగల్లు జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడలో ఇప్పటికీ నేస్తున్నారు.

అయితే పేరు వచ్చేది మగ్గం మీద కూర్చున్న ఆయనకే. నూలు తోడి కండెలు చుట్టే ఇంటి ఆడవాళ్ల పని లెక్కలోకి రాదు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కర్ణాటకలో ధార్వాడ జిల్లా నవలగుందలో మాత్రం జంఖానా నేసేది ముస్లిం ఆడవాళ్లే. నెమళ్లు, పగడసాల పట్టం వాళ్ల బొమ్మలు. కూతురికి నేర్పితే పెండ్లయినాక విద్య వేరే ఊరికి పోతుందని పెండ్లికాని పిల్లలకు నేర్పేవాళ్లు కాదంట. బయటివాళ్లకు తెలియకుండా కాపాడుకున్నారు, సరే. కానీ ఇప్పుడు నేసేవాళ్లు కొద్దిమందే మిగిలినారు. కూతుళ్లకు నేర్పి ఉంటే బాగుండేదని మాకు అనిపించింది.

మన పక్క కురబవాళ్ల కంబళి కూడా బొచ్చు వదలని నేతే. గొర్రె ఉన్ని వడికేది ఆడవాళ్లు. చింతగింజల గంజి పట్టించిన పడుగు మీద నేసేది మగవాళ్లు. కంబళి అమ్మినప్పుడు వడికిన కూలి ఎంత అని ఎవరూ విడిగా లెక్క కట్టరు.

ఈ ఏడు ప్రతి సంఘంలోనూ పాత జంఖానా గానీ కంబళి గానీ ఉంటే, ఎవరు తెచ్చినారు, ఎక్కడ కొన్నారు, పెద్దవాళ్లకు గుర్తున్నంత వరకు మినిట్స్ పుస్తకంలో రాయాలని తీర్మానం చేసినాం. అవ్వ జంఖానాకు చీలిన చోట మేమే కుట్లు వేసినాం. ఎరుపు సరిగా కలవలేదు. కోడలు బక్కెట్లు రెండూ డబ్బులిచ్చే కొనుక్కొనింది.