గట్టుకున్న చరిత్ర గడ్డికి లేదు

రాయలసీమ చరిత్ర అనగానే మనవాళ్ళు పాలెగాళ్ళ దగ్గర మొదలెట్టి ఫ్యాక్షన్ దగ్గర ఆపేస్తారు. కాళ్ళకింద మట్టికీ ఓ చరిత్ర ఉంది. రాయచోటి వైపు మామిడి తోటలు చూస్తే అది తెలుస్తుంది.

అక్కడ ఎక్కువగా వాలున్న ఎర్రనేలలు. వానలు తక్కువే గానీ, పడితే ఒకేసారి కుమ్మేస్తాయి. తరతరాలుగా తయారైన పైమట్టి ఒక్కపూటలో వంక పాలవుతుంది.

1800లో నిజాం ఈ సీమని కుంపిణీకి వదిలేశాక, 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలన్నీ కొలిపించి శిస్తు కట్టాడు. కొలిచింది నేల వైశాల్యాన్ని, కొట్టుకుపోయే మట్టిని కాదు. 1949లో మద్రాసు ప్రభుత్వం కాంటూరు గట్ల కోసం చట్టమే చేసింది. 1995 నుంచి వాటర్‌షెడ్లు వచ్చాయి. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీతో కందకాలొచ్చాయి. పథకం పేరు మారింది గానీ డిజైన్ మారలేదు: వాలుకి అడ్డంగా తవ్వు, గట్టు వెయ్యి.

గట్టు దండగ అనట్లేదు. నీళ్ళు నిలిచి ఇంకేది దానివల్లే. కానీ మట్టి కదలడం మొదలయ్యేది చెట్ల మధ్య, బోడినేల మీద చినుకు పడ్డచోట. మన భాషలో చెప్పాలంటే గట్టు ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్, బగ్ ఇంకా పైనుంది.

స్పెయిన్‌లో ఆలివ్ తోటలదీ ఇదే గోల. అండలూసియాలో మూడు పద్ధతులు పక్కపక్కన పెట్టి కొలిచారు: దున్నడం, దున్నకుండా కలుపుమందు కొట్టి బోడిగా ఉంచడం, వరసల మధ్య పచ్చిక పెంచడం. మట్టి ఎక్కువ పోయింది మందు కొట్టిన బోడినేలలో. అన్నిటికన్నా తక్కువ పోయింది పచ్చికలో.

"ఉన్న కాస్త తేమా గడ్డే తాగేస్తే చెట్టుకేం మిగుల్తుంది?" అని రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. అక్కడివాళ్ళు ఎండలు ముదరకముందే పచ్చికని కోసి నేలమీదే పరుస్తారు. మనకైతే ఉలవ, అలసంద, జనుము ఉన్నాయి. వానల్లో చల్లి, తేమ తగ్గకముందే కోసి పరిస్తే సరి. రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నవధాన్యాలు చల్లమంటున్నదీ ఇందుకే.

మరి ఇన్నేళ్ళూ గట్లే ఎందుకు? నా అభిప్రాయంలో, తవ్విన మట్టిని క్యూబిక్ మీటర్లలో కొలిచి బిల్లు రాయొచ్చు. కొట్టుకుపోని మట్టికి బిల్లు రాయలేం కదా!

రాయచోటి మీదుగా పోయే మాండవ్య చివరికి చేరేది చెయ్యేటిలోనే. 2021 నవంబర్ 19న ఆ చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ పొలాల్లో ఇసుక మేట వేసింది. పచ్చిక ఉంటే ఆ వరద ఆగేదని కాదు. కట్ట ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మాత్రం చూశాం. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే మనకెవరూ చెప్పక్కర్లేదు.

ఊళ్ళో తోటలున్నవాళ్ళు ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క ఎకరం దున్నకుండా ఉలవలు చల్లి చూడమనండి. వాన వెలిశాక పక్క ఎకరం నీళ్ళ రంగుతో పోల్చి చూస్తే చాలు.