ఎంసెట్ ర్యాంకు వచ్చింది, ఇక కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్లయినా ఇళ్లలో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు. ఫలితాలు రాగానే ఇంటి ఫోన్‌కు తీరిక ఉండదు. బంధువుల తర్వాత కన్సల్టెన్సీలవాళ్లు. "సీట్లు అయిపోతున్నాయి, ఇవాళే అడ్వాన్స్ కట్టేయండి" అన్నది అందరిదీ ఒకే పాట. కంగారుపడి మేనేజ్‌మెంట్ సీటుకు లక్షలు కట్టేసి, అదే కాలేజీలో అదే బ్రాంచ్ తమ పిల్లకు కౌన్సెలింగ్‌లోనే వచ్చేదని ఆ తర్వాత తెలుసుకునే కుటుంబాలు ఉన్నాయి.

కాబట్టి ముందుగా తెలుసుకోవాల్సింది ఇది. తెలంగాణలో మైనారిటీ హోదా లేని ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నిండుతాయి. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్‌వి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే వస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. "ముందు చేరండి, రీయింబర్స్‌మెంట్ సంగతి మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయడం మంచిది.

కాగితాలు ముందు, కాలేజీ తర్వాత

మన ఇళ్లలో ఎక్కువ సీట్లు పోయేది మార్కుల దగ్గర కాదు, కాగితాల దగ్గర. పదో తరగతి మెమోలో "మొహమ్మద్" అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో "ఎండీ" అని ఉంటుంది, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. షేక్, ఎస్‌కే సంగతీ అంతే. వెరిఫికేషన్‌లో ఇది పట్టుకుంటే పరుగులే పరుగులు. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందో మిగతావన్నీ అలాగే ఉండాలి. ఆధార్ సవరణకు రోజులు పడుతుంది కాబట్టి పిల్లలు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే ఆ పని ముగించుకోవాలి.

రిజర్వేషన్ విషయంలోనూ అయోమయం చాలా ఉంది. ముస్లింలందరికీ 4 శాతం ఉందనుకోవడం తప్పు. 2007 చట్టం కింద బీసీ-ఈలో చేర్చింది 14 గ్రూపులనే. షేక్, ఖురేషీ, ఫకీర్, అత్తర్ సాయిబులు, లబ్బీ వంటివారు అందులో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్ వంటి వర్గాలను చట్టమే మినహాయించింది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బీలోకి వస్తాయి. ఇంకా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఏ రిజర్వేషన్ జాబితాలోనూ లేని సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆ కోటా 10 శాతం. "మాకు రిజర్వేషన్ లేదు కదా" అని జనరల్‌లోనే అప్లై చేసేవాళ్లు ఈ సీట్లను చేజేతులా వదులుకుంటున్నారు.

రిజర్వేషన్ వేరు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వేరు. రీయింబర్స్‌మెంట్ మైనారిటీ విద్యార్థిగా వస్తుంది కాబట్టి బీసీ-ఈ కాకపోయినా ఫర్వాలేదు. తెలంగాణలో ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. నిరుడు తీసినది బీరువాలో ఉందిలే అనుకోవద్దు. ఇంజనీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు వస్తుంది, ఆ పైన చాలామందికి ఏటా 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65 వేలు ఇంటి నుంచే వెళ్లాలి, అదీ నాలుగేళ్లు. పైగా ప్రభుత్వం డబ్బు సమయానికి రావడం లేదు. బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పాటించాయి. ఆ మొత్తం ఆలస్యమైతే ముందు పిల్లలను కట్టమంటారా, లేదా అన్నది చేరే ముందే కాలేజీని అడగాలి.

వెబ్ ఆప్షన్ల దగ్గర

ఆప్షన్లు పెట్టేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటే. "మా ర్యాంకుకు ఇది రాదులే" అనుకుని నిజంగా కావాల్సిన కాలేజీని కిందికి నెట్టేస్తారు. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి చదువుతుంది. మీ ర్యాంకుకు దొరికే మొదటిదాన్ని ఇచ్చి ఆగిపోతుంది. రాని కాలేజీని పైన పెట్టినందువల్ల కింది సీటు పోదు. వచ్చే కాలేజీని పైన పెడితే మాత్రం అంతకంటే మంచిది పోతుంది. కాబట్టి ఇష్టం ప్రకారమే వరుస పెట్టాలి.

అంచనాకు ఆధారం కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. నిరుడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచ్‌లో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో కేటగిరీ వారీగా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా ఇస్తారు. బీసీ-ఈ కాలమ్ అందులో వేరుగా ఉంటుంది. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు ఉంటాయి కాబట్టి వాళ్ల కాలమ్‌నూ తప్పకుండా చూడాలి. ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పట్టిక ముందేసుకుంటే కన్సల్టెన్సీ అవసరమే రాదు.

సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే పాతది పోయినట్టే. అందుకని రెండో విడతలో మొదటి సీటు కంటే నిజంగా మెరుగైనవే పెట్టాలి.

కాలేజీ గేటు లోపల

బ్రోచర్‌లో అన్ని కాలేజీలూ బాగానే ఉంటాయి. నాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచ్‌కు ఇచ్చేది. ఈసీఈకి ఎన్‌బీఏ ఉండి, కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచ్‌కు లేకపోవచ్చు. "మాది ఎన్‌బీఏ కాలేజీ" అంటే "మా పిల్ల చేరే బ్రాంచ్‌కు ఉందా?" అని అడగండి. ప్లేస్‌మెంట్ల బోర్డు మీద పెద్దగా రాసిన 40 లక్షల ప్యాకేజీ ఒక్కరిదే కావచ్చు. ఆ బ్రాంచ్‌లో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్న విద్యార్థికి జీతం ఎంత, ఈ మూడూ అడగాలి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా లెక్కేసే చోట్లూ ఉన్నాయి. ఆఫీసు గదిలో చెప్పే జవాబు కంటే క్యాంటీన్‌లో మూడో ఏడాది పిల్లలు చెప్పేదే నమ్మదగ్గది.

హైదరాబాద్‌లో ముఫఖ్ఖమ్ జా, దక్కన్ ఇంజనీరింగ్ కాలేజీల వంటి ముస్లిం మైనారిటీ సంస్థలు ఉన్నాయి. రెండూ ఉస్మానియాకు అనుబంధమైనవే. వీటిలో సీట్లు ఎక్కువగా మన పిల్లలకే వెళ్తాయి కాబట్టి చివరి ర్యాంకులు వేరేలా ఉంటాయి, విడిగా చూసుకోవాలి. మైనారిటీ కాలేజీ కదా అని కళ్లు మూసుకుని చేర్చడమూ వద్దు, అక్కడ ఎవరూ ముందుకు రాలేరని పక్కన పెట్టడమూ వద్దు. పై ప్రశ్నలే అక్కడా అడగాలి.

అమ్మాయిల విషయంలో చాలా ఇళ్లలో మొదటి ప్రశ్న దూరం. ఆ బెంగ అర్థం లేనిదేమీ కాదు. కానీ దగ్గరగా ఉందన్న ఒక్క కారణంతో అధ్యాపకులే సరిగా లేని కాలేజీలో వేస్తే నాలుగేళ్లు వృథా. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ప్రభుత్వ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అమ్మాయి వెళ్లే సమయానికే అమ్మీనో అబ్బానో ఒకరోజు వెంట వెళ్లి వస్తే దూరం భయం చాలావరకు తగ్గుతుంది, లేదా ఆ రూట్ నిజంగానే కుదరదని తేలిపోతుంది. హాస్టల్ అయితే రంజాన్‌లో సహరీకి మెస్ ఏర్పాటు ఉందా అన్నది కూడా ముందే కనుక్కోండి.

చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, సరిచూశాక వెనక్కి తెచ్చుకోవాలి. వాటిని కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఫీజు కట్టిన ప్రతిదానికీ రసీదు ఉండాలి.

చేరిన తర్వాత

మొదటి సెమిస్టర్‌లోనే చాలామంది తడబడతారు. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు పాఠం కంటే ఇంగ్లిష్ అడ్డు వస్తుంది. సిగ్గుపడి వెనక బెంచీకి వెళ్తే గణితంలో ఒక బ్యాక్‌లాగ్, దాని వెంట ఇంకొకటి. ముందు బెంచీలో కూర్చోవడం, అర్థం కానిది అదే రోజు అడగడం, ఇంట్లో ఎన్‌పీటీఈఎల్ వీడియోలు చూడటం పనిచేస్తాయి. అవి ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. హాజరు 75 శాతం తగ్గితే పరీక్షకే కాదు, స్కాలర్‌షిప్‌కూ ఇబ్బంది. కుటుంబంలో పెళ్లిళ్లు వరుసగా వచ్చే నెలల్లో ఈ లెక్క పెద్దవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. ర్యాగింగ్ ఎదురైతే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522.

రెండో ఏడాది నుంచి ఏదో ఒక పని చేతులతో చేసి చూపగలగాలి. చిన్న ప్రాజెక్టైనా సొంతంగా చేసినది ఇంటర్వ్యూలో నిలబడుతుంది, అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే పడిపోతుంది. మార్కులు 60 శాతం కిందికి దిగకుండా చూసుకోవడం చాలా అవసరం. చాలా కంపెనీలు అక్కడే వడపోస్తాయి. విదేశాల్లో పీజీకి తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే 20 లక్షల ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కూ డిగ్రీలో 60 శాతం ఉండాలి, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి. ఇక్కడే ఎంటెక్ చేయాలనుకుంటే గేట్ స్కోరుతో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టయిపెండ్ వస్తుంది. ఒకసారి రాసిన గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, మూడో ఏడాదిలోనే రాయొచ్చు.