చికున్‌గున్యా జ్వరము – శీతోష్ణస్థితి మార్పు

చికున్‌గున్యా దోమకాటు వలన సంక్రమించు వైరస్ జ్వరము. 1952లో, నాటి టాంగన్యీకా దేశమందలి మకొండే పీఠభూమిలో ఇది మొదట గుర్తింపబడినది. కీళ్లనొప్పులచే రోగి వంగిపోవుటను బట్టి అచటి జనులు తమ భాషలో పెట్టుకొన్న పేరే లోకమంతట నిలిచినది. ఆ పీఠభూమి నీటికి కఱవైన నేల గనుక, ఇండ్లలో కుండలకెత్తి దినముల తరబడి నిలువయుంచిన నీటిలోనే ఈ వ్యాధిని మోయు ఏడిస్ ఈజిప్టై దోమ పిల్లలు పెరిగెను.

దోమ రోగి రక్తమును పీల్చినంతనే వ్యాధిని అంటింపజాలదు. వైరస్ దాని కడుపున వృద్ధినొంది లాలాజల గ్రంథులను చేరుటకు కొంత గడువు పట్టును. చలిదేశములందు ఆ గడువు నిండకమునుపే దోమ ఆయువు తీరును. ఈ దోమయే మోయు పీతజ్వరపు వైరస్‌పై 1932లో నెల్సన్ డేవిస్ అను పరిశోధకుడు జరిపిన పరీక్షలలో, 21 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 18 దినములుండిన గడువు 37 డిగ్రీలకు 4 దినములకు దిగినది. అట్లని వేడిమి పెరిగినకొలది వ్యాధియు పెరుగుననరాదు. హద్దు మీరిన యెండకు దోమయు నిలువజాలదు.

2004లో కెన్యా తీరమందలి లాము పట్టణమున ఈ జ్వరము విజృంభించినది వరదకాలమున కాదు, అనావృష్టి కాలమున. వానలు దోమలను పెంచునను సామాన్య విశ్వాసమునకు ఇది విరుద్ధముగా తోచినను, బావులెండినకొలది నీరు ఇండ్లలోని పాత్రలకెక్కుననుట గాబులు, తొట్లు నింపుకొని దినములు గడుపు మన పల్లెలకు తెలియనిది కాదు. అచటి నుండి హిందూమహాసముద్ర ద్వీపములకు ప్రాకి, 2005–06లో రియూనియన్ ద్వీపవాసులలో ఇంచుమించు మూడవ వంతు మందిని ఈ జ్వరము పడవైచినది. పులిచారల దోమ అను మరియొక జాతి దోమలో సులభముగ వృద్ధినొందు మార్పును వైరస్ సంతరించుకొన్నదియు అచటనే. భారతదేశమున ముప్పది యేండ్లకు పైగా అణగియుండిన యీ వ్యాధి 2005 చివర ఆంధ్రప్రదేశమున తిరిగి తలయెత్తి, మరుసటి యేడు దేశమున 13 లక్షలకు పైగా జనులకు సోకినట్లు లెక్కకెక్కినది. చెంబెత్తలేక, గడప దాటలేక ఇంటిల్లిపాదియు మంచము పట్టిన ఆ దినములను చూచినవారు ఈ సంఖ్యను వట్టి లెక్కగా చదువజాలరు.

2007లో కేరళ నుండి వెళ్లిన యొక ప్రయాణికుని వెంట ఈ వైరస్ ఇటలీలోని కాస్తిల్యోనె ది చెర్వియా గ్రామమును చేరి, ఆ ప్రాంతమున 200 మందికి పైగా సోకినది. దానిని మోసిన పులిచారల దోమ 1990 నాటికే, దిగుమతియైన పాత టైర్లలో జెనోవాకు చేరియుండెను. కనుక నేరమంతయు ఎండపై మోపుట న్యాయము గాదు. దోమను తెచ్చినది వర్తకము, వైరస్‌ను తెచ్చినది ప్రయాణము, తాపవృద్ధి ఆ రెంటికిని నిలువనీడ యిచ్చినది. ఈ దోమ గ్రుడ్లు శీతకాలమంతయు నిద్రాణములై యుండి వసంతమున పగిలి పిల్లలగును. చలి తీవ్రత తగ్గినకొలది అవి బ్రతికి బయటపడు నేలలు ఉత్తరమునకు జరుగుచున్నవి. పులిచారల దోమ నేడు ప్యారిస్ నగరమునను కాపురమున్నది.