ఎక్వాన్ కోట: ఒకే కప్పు కింద కళాపోషణ, మతపీడన

పారిస్‌కు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎక్వాన్ నేడు రాజధాని శివారులోని ఒక చిన్న పట్టణం. ఊరికి ఎగువన ఉన్న కోటలో 1977 నుండి ఫ్రాన్స్ జాతీయ పునరుజ్జీవన మ్యూజియం నడుస్తోంది. అంతకు ముందు, 1807లో, నెపోలియన్ నెలకొల్పిన బాలికల విద్యాలయం కూడా ఇక్కడే తెరుచుకుంది. అది వేరే వ్యాసానికి తగిన విషయం. ‘పునరుజ్జీవనం’ అనగానే మన సాహిత్య చరిత్రలలో వివేకం, మానవతావాదం అనే మాటలు అలవాటుగా వచ్చి చేరుతాయి. ఆ అలవాటును ఎక్వాన్ నిలదీస్తుంది.

1538 ప్రాంతంలో ఈ కోట నిర్మాణాన్ని ఆరంభించినవాడు ఫ్రెంచి సర్వసేనాని ఆన్ ద మోన్‌మోరాన్సీ (పేరు స్త్రీనామంగా తోచినా పురుషుడే). వాస్తుశిల్పి జాన్ బ్యూలాన్ దక్షిణ భాగాన నిలిపిన మహాస్తంభాలు ప్రాచీన రోమును తలపిస్తాయి. మైకెలాంజెలో చెక్కిన రెండు బందీ శిల్పాలు ఒకప్పుడు ఆ ముఖభాగాన్నే అలంకరించాయి. అవి ఇప్పుడు లూవ్ర్‌లో ఉన్నాయి. గదులను వెచ్చబరచే 12 నిప్పుగూళ్ల పైభాగాన చిత్రించినవి చాలావరకు బైబిలు గాథలే.

1559 జూన్‌లో రెండవ హెన్రీ ప్రొటెస్టెంట్లను అణచివేయడానికి జారీ చేసిన శాసనం చరిత్రలో ‘ఎక్వాన్ శాసనం’గానే నిలిచింది. అయితే మోన్‌మోరాన్సీ ఆదరించిన కుమ్మరి-శిల్పి బెర్నార్ పలిస్సీ ప్రొటెస్టెంటు. బల్లులను, చేపలను, కప్పలను సజీవమనిపించేలా మట్టిలో పోతపోసి మెరుగు పెట్టిన ఆ పనివానికి సర్వసేనాని ఒక కృత్రిమ గుహాలంకరణను అప్పగించాడు. మతకారణంగా పలిస్సీ బోర్డోలో చెరసాల పాలైనప్పుడు విడిపించడానికి పూనుకున్నదీ ఆయనే.

దీనిని సహనమనడం పొరపాటు. అక్కడ రక్షణ పొందినది మతస్వేచ్ఛ కాదు, పనితనం. అదీ ప్రభువు దయ ఉన్నంతవరకే. అదే ప్రభువు 1567లో సాన్-దెనీ యుద్ధంలో ప్రొటెస్టెంట్లతో పోరాడుతూ గాయపడి మరణించాడు. ఎదుటి పక్షపు నాయకులలో ఒకడైన కొలిన్యీ స్వయానా ఆయన మేనల్లుడు. పోషకుని అనంతరం పలిస్సీకి రాజమాత కేథరీన్ ప్రాపు కొంతకాలం దక్కింది. అదీ తొలగిపోయాక వృద్ధుడైన ఆ కుమ్మరిని మళ్లీ బంధించారు. 1590 ప్రాంతంలో బాస్తీ కారాగారంలో, మతం మార్చుకోకుండానే మరణించాడు.