ఎడారి తీరమున విడిది: దుబాయి హోటళ్ల పుట్టుపూర్వోత్తరములు

లోకములో పెక్కు నగరములకు సత్రములు తీర్థయాత్రికుల మూలముననో, సంతలకు వచ్చిపోవు వర్తకుల మూలముననో ఏర్పడినవి. నేడు లక్షన్నర హోటలు గదులతో విలసిల్లుచున్న దుబాయికి చెప్పుకొనదగిన తీర్థమేదియు లేదు. వర్తకులు అనాదిగా వచ్చుచుండినను, వారు తమ ఓడలలోనో, ఎఱిగినవారి యిండ్లలోనో తలదాచుకొనుచుండిరి. ఆ తీరమున సొమ్ము చెల్లించి పడకను, భోజనమును పొందు పద్ధతికి ఆద్యుడు లండను నుండి కరాచీకి పోవు విమాన ప్రయాణికుడని చెప్పవలెను. నాటి విమానము నడుమ నడుమ పెట్రోలు పోసికొననిదే ముందుకు సాగదు; చీకటిలో ఎడారి మీదుగా ఎగురుట సాహసము; కాబట్టి ఆతడెచ్చటనో దిగి, నిద్రించి, తెల్లవారిన పిమ్మట మరల బయలుదేరవలసి వచ్చెను.

అంతకు పూర్వము అచ్చట అతిథికి సొమ్ముతో పని లేకుండెను. మూడు దినముల వఱకు అతిథి ఎవడని గాని, ఏ పనిమీద వచ్చితివని గాని అడుగకుండ ఆదరింపవలెననుట అరబ్బుల ప్రాచీనాచారము. మజ్లిస్ అనబడు చావడిలో తివాచీమీద కూర్చుండబెట్టి, ఏలకులు దంచివేసిన పలుచని కాఫీని చేయి లేని చిన్న గిన్నెలో అడుగున కొంచెముగ పోసి, ఖర్జూరములతో పాటు అందింతురు. గిన్నె ఖాళీయైన కొలదియు ఇంకొకమాఱు పోయుచునే యుందురు. చాలునని నోట చెప్పనక్కఱలేదు, గిన్నెను అటునిటు స్వల్పముగా ఊపి తిరిగి యిచ్చిన చాలును. నేడు నక్షత్రముల హోటళ్ల ముంగిట నిలిచి, ఇత్తడి కూజాతో ఇదే కాఫీని పోయుచుండు ఉద్యోగిని చూచి, ఇది వ్యాపారపుటెత్తని కొందఱు నవ్వుదురు. ఎత్తే కావచ్చును, కాని అది అరువు తెచ్చుకొన్న యెత్తు కాదు.

విడిది కథ దుబాయిలో గాక, దాని ప్రక్కనున్న షార్జాలో ఆరంభమైనది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అను బ్రిటిషు సంస్థ తన విమానములను మొదట పారశీక తీరము వెంబడి నడుపుచుండెను. ఆ దేశముతో కుదిరిన యొడంబడిక ముగియగా, గల్ఫునకు ఆవలి ఒడ్డున అరబ్బు షేకుల నాశ్రయింపవలసి వచ్చెను. తెల్లవారి విమానములను తమ గడ్డపై దింపనిచ్చుటకు వారిలో కొందఱు సమ్మతింపలేదు. షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ సఖ్ర్ 1932లో అంగీకరించెను. అంగీకారమునకు కారణము వెదుక నక్కఱలేదు: 1929 నాటి ఆర్థిక మాంద్యమును, జపానులో మికిమోటో అనునాతడు సాగించిన పెంపకపు ముత్యములును కలిసి ఆ తీరపు ముత్యాల వ్యాపారమును నేలమట్టము చేసియుండెను, బొక్కసమునకు నెలనెల కొంత సొమ్ము వచ్చుటయే మహాభాగ్యము. ఆ సొమ్మును రూపాయలలోనే లెక్కించిరి. ఏలయన 1966 వఱకును ఆ తీరమున చెలామణియైన నాణెము మన రూపాయియే, లేదా 1959 తరువాత భారత రిజర్వు బ్యాంకు గల్ఫు కొఱకు ప్రత్యేకముగ ముద్రించిన రూపాయియే.

అట్లు వెలసిన అల్ మహట్టా విశ్రాంతి గృహము చూచుటకు కోటవలె నుండెడిది. ఎత్తైన గోడలు, కాపలాదారులు, లోపల పడకగదులు, భోజనశాల, తంతిలేని వార్తల యంత్రము; బయట ఇసుకను చదును చేసిన విమానరంగము. గంటకు సుమారు 100 మైళ్లు పోవు నాలుగు ఇంజనుల ద్విపక్ష విమానము సాయంకాలము దిగి, ధూళి రేపుచు నిలువగా, టోపీలు సవరించుకొనుచు ప్రయాణికులు లోనికి నడిచెడివారు. నేడది ప్రదర్శనశాల, పాత రన్‌వే మీద నగరపు వీథి సాగిపోవుచున్నది. విలాసమను మాటతో దానికి సంబంధము లేకున్నను, నేటి గల్ఫు హోటలు లక్షణములలో రెండు అందు అప్పుడే కలవు: విమానము కొఱకై పుట్టుట యొకటి, బయటి ఎడారితో సంబంధము లేనట్లు లోపలి లోకమును నిర్మించుకొనుట రెండవది.

దుబాయి క్రీక్ అనబడు ఉప్పునీటి పాయపై 1937 నుండి నీటివిమానములు దిగసాగెను. కాని హోటలు అను మాట అక్కడ నిలదొక్కుకొనుటకు ఇంకను రెండు దశాబ్దములకు పైగా పట్టెను. 1958లో గద్దె నెక్కిన షేక్ రషీద్ ముందుగా చేసిన పని, కువైట్ నుండి ఋణము తెచ్చి, ఇసుక మేటలు వేసి పూడిపోవుచున్న ఆ పాయను త్రవ్వించి లోతు చేయుట. పెద్ద పడవలు లోనికి రాగలిగెను. 1960లో విమానాశ్రయము తెఱవబడెను; రన్‌వే తారుది కూడ కాదు, గట్టిపఱచిన ఇసుకది. బంగారము కొనవచ్చువారు, గడియారములు అమ్మవచ్చువారు, బ్యాంకులవారు, కంట్రాక్టరులు రాగా, పాయకిరువైపుల డేరాలోను బర్ దుబాయిలోను చిన్న హోటళ్లు వెలసెను. 1968 నాటి అంబాసిడర్‌ను నగరపు పాత హోటళ్లలో ఒకటిగా ఇప్పటికిని చెప్పుకొందురు.

1966లో సముద్రగర్భమున ఫతే క్షేత్రములో చమురు పడెను. 1969లో ఎగుమతి మొదలాయెను. 1973లో చమురు ధర మింటికెగయగా, లోకములోని కంపెనీల ప్రతినిధులందఱును ఒక్కమాఱుగ గల్ఫుపై వచ్చిపడిరి. గదులు లేవు. పెద్ద జీతములు తెచ్చుకొను ఆసాములు హోటలు ముందుగదిలోని కుర్చీలలో రాత్రులు గడపిరి. పరిచయము లేని వారితో గది పంచుకొనిరి. నా దృష్టిలో దుబాయి హోటలు చరిత్రకు మలుపు ఈ గదుల కఱవే. మూడు, నాలుగు రాత్రులు కుర్చీలో కునికిన వ్యాపారి మఱుమాఱు మనామాకో, కువైట్‌కో పోవునను భయము పాలకులకు కలుగకపోలేదు. 1975లో డేరా వైపున పాయ గట్టుననే ఇంటర్‌కాంటినెంటల్ హోటలు తలుపులు తెఱచెను. నగరమునకిదియే మొదటి పంచనక్షత్ర భవనము. నేడది రాడిసన్ బ్లూ అను పేరుతో అక్కడనే నిలిచియున్నది. దాని క్రింద ధౌ అను సరకుల పడవలు నేటికిని బారులు తీరి లంగరు వేసియుండును.

1979లో ఎలిజబెతు రాణి ప్రారంభించిన 39 అంతస్తుల ప్రపంచ వాణిజ్య కేంద్రమును, దాని ప్రక్కనే హిల్టన్ హోటలును ఊరికి దూరముగ, ఇసుకలో కట్టినప్పుడు, ఇంత దూరమెవరు పోవుదురని పలువురు పెదవి విఱిచిరి. నేడచ్చటనుండియే షేక్ జాయెద్ రోడ్డు అను మహాపథము వెంట వ్యాపారపు హోటళ్లు వరుస కట్టినవి. ఊరు హోటలును వెదకికొనుచు పోవుట అరుదైన విషయము. ఇచ్చట అదే జరిగెను.

సముద్రతీరపు హోటలు కథ ఇంతకంటె వింతయైనది. జుమేరాలో షికాగో బీచ్ అను ఇసుకతిన్నె యొకటి యుండెను. అమెరికా నగరపు పేరు అక్కడి కెట్లు వచ్చెనన, షికాగో బ్రిడ్జ్ అండ్ ఐరన్ అను కంపెనీ 1960వ దశకపు చివర అచ్చటనే మకాము వేసి, సముద్రగర్భమున చమురు నిలువచేయుటకై బోర్లించిన గరాటు ఆకారముగల పెద్ద ఉక్కుపాత్రలను నిర్మించెను. ఒక్కొక్కటి అయిదు లక్షల పీపాల చమురు పట్టునది. ఒడ్డుననే కట్టి, నీటిలోనికి జాఱవిడిచి, లాగికొనిపోయి, ఫతే క్షేత్రముకడ ముంచిరి. కంపెనీ పోయెను, పేరు మిగిలెను. ఆ పేరుతోనే అచ్చట ఒక హోటలు వెలసెను. 1997లో దానిని పడగొట్టిరి. ఆ సంవత్సరముననే దాని సమీపమున కెరటము ఆకారమున జుమేరా బీచ్ హోటలు తెఱవబడెను. ఆ కెరటమున కెదురుగ తెరచాప యొకటి లేవసాగెను.

ఆ తెరచాపయే బుర్జ్ అల్ అరబ్. ఒడ్డునకు 280 మీటర్ల దూరమున, సముద్రములో కృత్రిమ ద్వీపమును పోసి, దానిపై 321 మీటర్ల ఎత్తున నిలిపిన ఈ భవనము 1999 డిసెంబరులో ప్రారంభమాయెను. రూపశిల్పి అట్కిన్స్ సంస్థకు చెందిన టామ్ రైట్. అడుగున పట్టు దొరకు బండ లేదు, ఉన్నదంతయు ఇసుకయే. కావున పొడవైన కాంక్రీటు స్తంభములను నిలువున దింపి, ఇసుకకును స్తంభమునకును నడిమి ఒరపిడి బలముననే భవనమంతయు ఆనునట్లు చేసిరి. ద్వీపమును పోయుటకే మూడేండ్లు పట్టెను. ఇంత శ్రమపడి వారు కట్టినవి మొదట 202 గదిసముదాయములు మాత్రమే. లాభనష్టముల లెక్క వేసిన గుమాస్తా ఎవడైనను తల పట్టుకొనవలసినదే. అయితే ఆ లెక్క వేఱు. దుబాయి చమురు ఉత్పత్తి 1991లోనే పరాకాష్ఠ నంది, తగ్గుముఖము పట్టియుండెను. 1985లో రెండు అద్దె విమానములతో కరాచీకి మొదటి ప్రయాణము చేసిన ఎమిరేట్స్ సంస్థకు ప్రయాణికులు కావలెను. లోకము చిత్రపటముపై గుర్తింపగల ముఖమొకటి ఊరికి కావలెను. ఆ ముఖమును హోటలు ఇచ్చెను. 2005లో ఫెడరర్, అగస్సీ దాని నెత్తినున్న హెలికాప్టరు వేదికపై టెన్నిస్ ఆడిన బొమ్మ పత్రికలన్నిటను వచ్చెను. ఆ ప్రచారమునకు వెల కట్టుట కష్టము.

ఏడు నక్షత్రముల హోటలను బిరుదు మాటకు వత్తును. అట్టి తరగతి ఏ ప్రభుత్వ పట్టికయందును లేదు. ప్రారంభ దినములలో విస్మయమునకు లోనైన పాత్రికేయుని కలము నుండి జాఱిన విశేషణమది. లోపలి బంగారు రేకుల అలంకారము నాకు కంటికింపు కాలేదు. తరువాత నాలుగైదేండ్లకు సమీపముననే వాయుగోపురములతో, కాలువలతో, పాత ఊరి పోలికతో వెలసిన మదీనత్ జుమేరా హోటళ్లలో, అది కట్టుకథయైన ప్రాచీనతయే యైనను, నీడ యున్నది, నడువదగిన దారులున్నవి. ఆ పిమ్మటి కథను త్వరగా ముగింపవచ్చును: 2008లో తాటియాకు ఆకారపు ద్వీపముపై అట్లాంటిస్, మఱుసటి యేట అప్పుల తుపాను, 2010లో బుర్జ్ ఖలీఫాలో అర్మానీ హోటలు, ఆపైన ఎత్తులలో పోటీ.

ఈ భవనములను నిలిపిన చేతులలో మనవారివియు కలవు. కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల, కోనసీమ, కడప ప్రాంతముల నుండి పోయిన తెలుగువారు సెంట్రింగు కట్టిరి, రాళ్లు పఱచిరి. నేడును గదులు సర్దువారిలో, వంటశాలలలో పాత్రలు తోమువారిలో వారున్నారు. సోనాపూరు కార్మిక శిబిరములలో ఒకే గదిలో పలువురు పడుకొని, తెల్లవాఱకముందే బస్సెక్కి, ఒక్కొక్క అతిథికి ఒక్కొక్క గదిని సిద్ధపఱచువారు వీరు.

ఇక హోటళ్ల పుట్టుకను బట్టి వాని ఎంపిక విషయము. పైని చెప్పిన కాలములన్నియు నగరపటములో విడివిడిగ మిగిలియున్నవి గనుక, ఏ పేటలో దిగవలెనన్న ప్రశ్నకు సమాధానము చాలవఱకు చరిత్రలోనే దొరకును. వర్తకుల కాలపుటూరు పాయ గట్టున నున్నది: ధర తక్కువ, బంగారపు బజారు నడకదూరము, ఒక్క దిర్హముతో అబ్రా అను చెక్కపడవ ఎక్కి ఆవలియొడ్డు చేరవచ్చును, కరామా పేట దగ్గఱ గనుక ఆంధ్ర భోజనమునకును కొఱత లేదు. సభలకు, ప్రదర్శనలకు, బ్యాంకుల పనికి పోవువారు షేక్ జాయెద్ రోడ్డుపై, 2009లో మొదలైన మెట్రో స్టేషనునకు ఆనుకొని యుండు హోటలు చూచుకొనవలెను. పటములో చేరువగ కనబడు భవనమునకు సయితము పండ్రెండు వరుసల రోడ్డు నడ్డముగ దాటి పోవుట అసాధ్యము, స్టేషను పైవంతెన యొక్కటే దారి. సముద్రస్నానమునకు, విశ్రాంతికి వచ్చువారికి జుమేరా. పనిమీద వచ్చినవాడు వైభవమునకు ఆశపడి తీరమున దిగెనేని, దినమునకు రెండు గంటలు టాక్సీ పాలగును.

మఱి రెండు సంగతులు. మద్యము అమ్ముటకు అనుమతి చాలకాలము హోటళ్లకే పరిమితమై యుండుటచే, నగరములోని పేరుపడ్డ భోజనశాలలు, గానశాలలు హోటళ్లలోనే పెరిగినవి. నిశ్శబ్దము కోరు కుటుంబీకులు మద్యము లేని హోటళ్లను విచారించుట మేలు. షేక్ జాయెద్ రోడ్డుపై 333 మీటర్ల రోజ్ రేహాన్ అట్టిది. రెండవది బిల్లు. చెప్పిన ధరపై పదిశాతము సేవారుసుము, ఏడుశాతము పురపాలక రుసుము, 2018 నుండి అయిదుశాతము వ్యాట్, ఇవి గాక పంచనక్షత్ర హోటలులో గదికి రాత్రికి 20 దిర్హములు పర్యాటక రుసుము. 1000 దిర్హములని చెప్పిన గది 1240కి తక్కువ కాదు. కావున అన్నియు కలిపిన ధర ఎంతయని ముందే అడుగవలెను. వాణిజ్య కేంద్రమున పెద్ద ప్రదర్శనలు జరుగు వారములలో దాని చుట్టుపట్ల గది దొరకుటే గగనము. అదే గది ఎండ 45 డిగ్రీలకెక్కు జూలై, ఆగస్టు మాసములలో మిక్కిలి చౌకగ వచ్చును. పని గదిలోపలనే ముగియునట్టిదైనచో వేసవిలో పోవుటకు నేనైతే సందేహింపను; దిగుట మాత్రము డేరా గట్టుననే.